ఆఫీసు మూలన పేరుకున్న పాత కంప్యూటర్లు ఎవరికి ఇవ్వాలి? వరంగల్, ఉత్తర తెలంగాణ సంస్థలకు ఒక పోలిక

ప్రతి ఏడాది మార్చి దగ్గర పడగానే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పాత సిస్టమ్‌లు పదిహేను దాకా ఉన్నయి. ఎవరికిస్తే మంచి రేటొస్తది?" హన్మకొండ, కాజీపేట, వరంగల్ మూడు చోట్లా ఆఫీసులకు, క్లినిక్‌లకు, కాలేజీలకు కంప్యూటర్ల మెయింటెనెన్స్ చేస్తాను కాబట్టి ఆ ప్రశ్న నా దగ్గరికి రావడం సహజమే. ఒకప్పుడు వెంటనే రేటు చెప్పేవాణ్ని. ఇప్పుడు ముందు మూడు సంగతులు అడుగుతున్నాను. వాటిలో ఎవరి వివరాలున్నాయి? ఇచ్చేశాక మీ చేతిలో ఏ కాగితం మిగులుతుంది? మీ గేటు దాటాక ఆ సామాను ఎక్కడికి పోతుంది?

నేనిలా మారడానికి ఒక హార్డ్‌డిస్క్ కారణం. కొన్నేళ్ల కింద ఒక పాత కంప్యూటర్‌కు స్పేర్ కావాల్సి వచ్చి సెకండ్‌హ్యాండ్‌లో డిస్క్ కొన్నాను. చూడటానికి ఖాళీగా ఉంది. బాగుందో లేదో పరీక్షిద్దామని రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపితే ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ రికార్డులు బయటపడ్డాయి. పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, రక్తపరీక్షల ఫలితాలు, అన్నీ. ఆ ల్యాబ్ వాళ్లకు ఫోన్ చేసి చెబితే, "ఫార్మాట్ చేసే ఇచ్చాం కదండీ" అన్నారు. నిజమే, చేశారు. మామూలు ఫార్మాట్‌తో డేటా పోదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ డిస్క్‌కు నేనే డ్రిల్లుతో తూట్లు పొడిచాను. కానీ అలాంటివి ఇంకెన్ని ఎవరి చేతుల్లో ఉన్నాయో అన్న టెన్షన్ మాత్రం అలాగే ఉండిపోయింది.

## ముందు ఏమేం చూసుకోవాలి

డేటా. డేటా అంటే కంప్యూటర్లోనే ఉంటుందనుకోకండి. సీసీ కెమెరాల డీవీఆర్‌లో డిస్క్ ఉంటుంది. పెద్ద జిరాక్స్ మెషీన్లు చాలావాటిలో డిస్క్ ఉండి, తీసిన కాపీల బొమ్మలు అందులో మిగిలిపోతాయి. బయోమెట్రిక్ హాజరు మెషీన్లో సిబ్బంది వేలిముద్రల వివరాలుంటాయి. రౌటర్‌లో ఆఫీసు పాస్‌వర్డ్‌లుంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన దగ్గరున్న జనాల వివరాలను కాపాడలేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. ఒక చిన్న క్లినిక్‌కు అంత వేస్తారని నేను అనడం లేదు. బాధ్యత మాత్రం పాత సామాను కొన్నవాడిది కాదు, మనదే.

కాగితం. ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకుముందు 21 రకాల వస్తువులే జాబితాలో ఉండేవి, ఇప్పుడు 106 రకాలు. ఆ జాబితాలోని వస్తువులు ఆర్థిక సంవత్సరంలో ఏ సమయంలోనైనా కనీసం 1,000 వాడుతున్న సంస్థను నియమాలు బల్క్ కన్జ్యూమర్ అంటాయి. అలాంటి సంస్థ తన ఈ-వ్యర్థాలను రిజిస్టరైన ఉత్పత్తిదారుకో (సొంత బ్రాండు పేరుతో అమ్మే కంపెనీ), రిఫర్బిషర్‌కో (పాతవాటిని బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవారు), రీసైక్లర్‌కో మాత్రమే ఇవ్వాలి. వెయ్యి అంటే మనకు సంబంధం లేదులే అనుకుంటాం. కంప్యూటర్లు, ప్రింటర్లు, ఏసీలు, ట్యూబ్‌లైట్లు కలిపి లెక్కేయండి. మూడు నాలుగు ల్యాబులున్న ఇంజనీరింగ్ కాలేజీకి ఆ అంకె పెద్దదేం కాదు. సూక్ష్మ సంస్థలకు ఈ నియమాల నుంచి మినహాయింపు ఉంది. డేటా బాధ్యతకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

చేరే చోటు. నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది ఇదే. కింద వివరంగా చెబుతాను.

డబ్బు. కేజీకి ఎంత అన్నది ఒక్కటే చూడొద్దు. ట్రాలీ కిరాయి, హమాలీ కూలి, డిస్కుల డేటా చెరిపే ఖర్చు పోను చేతికి ఎంత మిగిలిందో చూడాలి.

సరుకు ఎంతుంది, ఎంత దూరం పోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ లెక్క పెద్దగా అవసరం లేదు. మనకు ఇదే అసలు చిక్కు. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 300 దాటుతుంది. పది సీపీయూల కోసం హైదరాబాద్ నుంచి బండి రాదు. రమ్మంటే మనల్నే కిరాయి అడుగుతారు.

## ఏ దారి ఎలా ఉంటుంది

### మూలన పెట్టి మరిచిపోవడం

ఎక్కువమంది చేస్తున్నది ఇదే కాబట్టి దీన్నీ ఒక దారిగానే లెక్కేయాలి. ఖర్చు లేదు, డేటా మన గదిలోనే ఉంది, తప్పేముంది అనిపిస్తుంది. కానీ నాలుగేళ్ల కింద బాగా పనిచేసిన కంప్యూటర్ అప్పుడే ఇస్తే ఇంకొకరు వాడుకునేవారు. ఇప్పుడు తూకానికి తప్ప పనికిరాదు. లాప్‌టాప్ బ్యాటరీలు ఉబ్బుతాయి, ఉబ్బిన లిథియం బ్యాటరీ నిప్పుతో సమానం. మన ఊళ్లో ఇంకో భయం కూడా ఉంది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరదలొచ్చినప్పుడు సెల్లార్లలో, కింది అంతస్తుల్లో దాచినవన్నీ మునిగాయి. నీళ్లలో నానిన యూపీఎస్‌లు, మానిటర్లు తర్వాత చెత్త బండిలోకే ఎక్కాయి. స్టోర్ రూమ్‌లో పెట్టడం తప్పు కాదు. ఎప్పుడు పంపిస్తామో తారీఖు లేకుండా పెట్టడం తప్పు.

### పాత సామాను కొట్టు

ఫోన్ చేస్తే గంటలో వస్తారు. కాంటా పెట్టి, అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. రేటు కూడా చాలాసార్లు రీసైక్లర్ కంటే ఎక్కువే చెబుతారు. ఈ పని మీద బతికే కుటుంబాలు మన ఊళ్లో చాలా ఉన్నాయి. ఇనుము, అట్టలు, ప్లాస్టిక్ వాళ్లు సేకరించకపోతే మన డంపింగ్ యార్డులు ఇంకెంత నిండేవో. కాబట్టి వాళ్లను దొంగల్లా చూడటం నాకు నచ్చదు.

అయితే రేటు ఎక్కువ ఎలా ఇవ్వగలుగుతున్నారో ఆలోచించాలి. కంప్యూటర్లో విలువైనవి కొన్నే: రాగి, అల్యూమినియం, బోర్డుల మీది బంగారం. బంగారు గనిలో టన్ను ఖనిజానికి కొన్ని గ్రాముల బంగారం దొరికితే గొప్ప. టన్ను కంప్యూటర్ బోర్డుల్లో వంద గ్రాములకు పైగా కూడా ఉండొచ్చు. అందుకే బోర్డులు చేతులు మారుతూ దూరం పోతాయి. దారిలో ఎక్కడో ఒకచోట రాగి కోసం వైర్లు కాలుస్తారు, బంగారం కోసం బోర్డులను యాసిడ్‌లో వేస్తారు. వైరు మీది పీవీసీ కాలితే డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి. వాడేసిన యాసిడ్ మోరీలోకి పోతుంది. పాత పిక్చర్ ట్యూబు మానిటర్ గాజులో కేజీకి పైగా సీసం ఉంటుంది. దానికి కొనేవాడు లేడు కాబట్టి పగలగొట్టి రాగి కాయిల్ తీసుకుని గాజు పారేస్తారు. రీసైక్లర్‌కు పొగ శుద్ధి చేసే యంత్రాలు, నీటి శుద్ధి, కార్మికుల మాస్కులు, మిగిలిన విషపు బూడిదను ప్రత్యేక స్థలానికి పంపే ఖర్చు ఉంటాయి. కాల్చేవాడికి అవేవీ ఉండవు. మనకు కేజీకి పది రూపాయలు ఎక్కువ వచ్చిందంటే ఆ పది ఎవరో పిల్లవాడి ఊపిరితిత్తుల లెక్కలోంచి వచ్చాయి.

కొట్టుకు నిశ్చింతగా ఇవ్వగలిగినవి కూడా ఉన్నాయి: ఖాళీ ఇనుప క్యాబినెట్ రేకులు, స్టాండ్లు, ర్యాకులు, కుర్చీల ఫ్రేములు. బోర్డు, వైరు, బ్యాటరీ, స్క్రీన్, డిస్క్ ఉన్న ఏ వస్తువూ ఇవ్వొద్దు.

### కొత్తది కొంటూ ఎక్స్‌ఛేంజ్

డీలర్ కొత్త సిస్టమ్‌ల బిల్లులోనే పాతవాటికి కొంత తగ్గిస్తాడు. లెక్క రాసుకోవడం తేలిక, ఒకే రోజు పని అయిపోతుంది. పాతవి ఇంకా నడుస్తుంటే ఇది మంచి దారే. అడగాల్సింది ఒక్కటే: "మీ దగ్గర్నుంచి ఇవి ఎక్కడికి పోతాయి?" రిజిస్టరైన రిఫర్బిషర్ పేరో రీసైక్లర్ పేరో చెప్పి, వాళ్ల రసీదు తర్వాత పంపిస్తానంటే సరే. "అదంతా మేం చూసుకుంటాం సార్" అంటే చాలాసార్లు అది పాత సామాను కొట్టుకు వెళ్లే ఇంకో రోడ్డు. డిస్కులు మాత్రం ఎవరికిచ్చినా మీరే విప్పి ఉంచుకోండి. డిస్క్ లేకుండా తీసుకోనంటే, లేని డిస్క్‌కు తగ్గించే మొత్తం ఎంతో చూడండి. దాని కోసం మీ కస్టమర్ల వివరాలు ఇచ్చేయడం ఎందుకు?

యూపీఎస్, ఇన్వర్టర్ లెడ్ బ్యాటరీలకు మాత్రం నా ఓటు ఎప్పుడూ ఎక్స్‌ఛేంజ్‌కే. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు వీటికి విడిగా ఉన్నాయి. వాడిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీ కంపెనీల మీద ఉంది. కొత్తది కొన్నప్పుడే పాతది డీలర్‌కు ఇచ్చి, బిల్లులో ఆ సంగతి రాయించుకోండి. డబ్బు కోసం విడిగా బయట అమ్మితే సీసాన్ని కొలిమిలో కరిగించే చోటికే అది చేరొచ్చు.

డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు పాత సామాను వెనక్కి తీసుకునే ఏర్పాట్లు ఉన్నాయని తమ సైట్లలో చెబుతాయి. కంపెనీ పేరు మీద ఎక్కువ లాప్‌టాప్‌లు కొన్నవాళ్లు తప్పకుండా అడిగి చూడాలి. నాలుగైదు ఉన్నవాళ్లు ఓపికగా ఫాలో అప్ చేయాల్సి ఉంటుంది.

### ఇంకొకరు వాడుకునేలా ఇవ్వడం

వస్తువు నడుస్తున్నంత కాలం అది వ్యర్థం కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయాక, బాగా పనిచేసే ఎన్నో కంప్యూటర్లు ఒక్కసారిగా పనికిరాని లెక్కలో పడ్డాయి. వాటిలో ఎస్ఎస్‌డీ (చిప్పులతో నడిచే వేగమైన డిస్క్) వేసి, ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెడితే టైపింగ్‌కు, ఇంటర్నెట్‌కు, స్కూలు పిల్లలకు ఇంకో నాలుగేళ్లు హాయిగా పనికొస్తాయి. ఇలా చాలావాటికి చేశాను. అన్ని దారుల్లో భూమికి మేలైనది ఇదే అని నమ్ముతాను, ఎందుకంటే కంప్యూటర్ తయారీలోనే కరెంటు, నీళ్లు, గని తవ్వకం అన్నీ ఖర్చయిపోయాయి.

బడికి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్క నియమం పెట్టుకోండి. ఆన్ అయ్యేవే ఇవ్వండి. పనిచేయని పది డబ్బాలు ప్రభుత్వ బడికి ఇచ్చి, ఫొటో దిగి వచ్చేస్తే మన చెత్తను హెడ్‌మాస్టరు స్టోర్ రూమ్‌లోకి మార్చినట్టే. ఆయన దాన్ని రిజిస్టర్‌లో ఎక్కించుకోవాలి, తర్వాత పారేయడానికి అనుమతి కోసం తిరగాలి. రెండు మూడేళ్ల తర్వాత పాడైతే మేమే వెనక్కి తీసుకుంటామని చెప్పి ఇచ్చేవాళ్లు నాకు తెలిసి ఒకరిద్దరే ఉన్నారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం.

### రిజిస్టర్డ్ రీసైక్లర్

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ-వేస్ట్ ఈపీఆర్ (అమ్మిన కంపెనీయే పాత సామాను బాధ్యత తీసుకోవాలనే ఏర్పాటు) పోర్టల్‌లో రిజిస్టరైన రీసైక్లర్లను రాష్ట్రాల వారీగా చూడొచ్చు. మన వైపు నుంచి పోయే సరుకుకు హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాంట్లే దగ్గర. బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్ ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. అంటే మన రాష్ట్రంలో ఈ పని తెలిసినవాళ్లు లేక కాదు, మన సరుకు అక్కడిదాకా చేరక.

చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది, బేరానికి ఉపయోగపడుతుంది. కొత్త నియమాల్లో కంప్యూటర్లు అమ్మే కంపెనీలకు, గతంలో అమ్మిన సామానులో ఏటా ఇంత శాతం రీసైకిల్ చేయించాలని లక్ష్యం ఉంది. 2023-24, 2024-25లకు 60 శాతం, తర్వాతి రెండేళ్లకు 70, 2027-28 నుంచి 80. కంపెనీలు ఆ లక్ష్యాన్ని రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొని పూర్తి చేస్తాయి. తీసిన బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము లెక్కన ఆ సర్టిఫికెట్లు తయారవుతాయి. అంటే రీసైక్లర్‌కు లోహం మీద ఆదాయం ఒకటి, సర్టిఫికెట్ మీద ఇంకొకటి. "ఉచితంగా తీసుకెళ్తాం సార్, అదే పెద్ద సేవ" అంటే ఒప్పుకోవద్దు. సీపీయూలు, లాప్‌టాప్‌లు, సర్వర్లకు డబ్బు అడగండి. పిక్చర్ ట్యూబు మానిటర్లు, ట్యూబ్‌లైట్లు, కార్ట్రిడ్జ్‌లకు రాబడి ఉండదు, వాటికి మనం కొంత ఇవ్వాల్సి వచ్చినా న్యాయమే. అన్నీ కలిపి ఒకే లాటుగా మాట్లాడితే ఇద్దరికీ కుదురుతుంది.

రీసైక్లర్ అని చెప్పుకునే ప్రతి ఒక్కరూ రీసైక్లర్ కారు. నేను చూసిన మోసాల్లో ఎక్కువ సార్లు వచ్చింది ఐఎస్ఓ సర్టిఫికెట్. అందంగా ఫ్రేమ్ కట్టి చూపిస్తారు, కానీ అది అనుమతి కాదు. ఇంకొకటి 2016 నాటి పాత నియమాల కింద ఇచ్చిన డిస్మాంట్లర్ (సామాను విప్పి విడదీసేవారు) అనుమతి. ఇప్పటి నియమాల్లో నాలుగే వర్గాలు రిజిస్టర్ అవుతాయి: తయారీదారు, ఉత్పత్తిదారు, రిఫర్బిషర్, రీసైక్లర్. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి పోర్టల్‌లో మీరే చూసుకోండి. గడువు ఉందా, మీ సామాను రకానికి అనుమతి ఉందా అన్నది కూడా చూడండి. అనుమానం ఉంటే తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం వరంగల్‌లోనే ఉంది, వెళ్లి అడగొచ్చు.

### మధ్యలో ఏజెంటు, కలెక్షన్ డ్రైవ్

ఫలానా రీసైక్లర్‌తో మాకు టై-అప్ ఉంది అని వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు. చిన్న సరుకు పోగుచేసి పెద్ద బండికి ఎక్కించేది వాళ్లే కాబట్టి మనలాంటి ఊళ్లకు వాళ్ల అవసరం ఉంది. పరీక్ష ఒక్కటే: రసీదు ఏజెంటు పేరుతో కాకుండా రీసైక్లర్ పేరుతో, మీ సంస్థ పేరు, తూకం రాసి రావాలి. ఆ రీసైక్లర్ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి ఫలానావారు మీ తరఫున వచ్చారా అని అడగండి. రెండు నిమిషాల పని.

అప్పుడప్పుడు జరిగే కలెక్షన్ డ్రైవ్‌లు ఇంటి ఛార్జర్లు, పాత ఫోన్లు ఇవ్వడానికి బాగుంటాయి. ఆఫీసు డిస్కులు అక్కడి డబ్బాలో వేయకండి.

## ఒక్క చూపులో

| దారి | డేటా | చేతికొచ్చే కాగితం | చేరే చోటు | డబ్బు | తక్కువ సరుకుకు |
|---|---|---|---|---|---|
| మూలన పెట్టడం | గదికి తాళం ఉన్నంతవరకే | ఉండదు | ఎక్కడికీ పోదు | ఏటా విలువ తగ్గుతుంది | కుదురుతుంది, తాత్కాలికంగా |
| పాత సామాను కొట్టు | భద్రత లేదు | తూకం చీటీ దొరికితే గొప్ప | తెలియదు | వెంటనే, ఎక్కువ | బాగా కుదురుతుంది |
| ఎక్స్‌ఛేంజ్ | డిస్క్ తీసి ఇస్తే సరే | బిల్లులో తగ్గింపు | డీలర్‌ను బట్టి | మధ్యస్థం | కుదురుతుంది |
| ఇంకొకరి వాడకానికి | చెరిపి ఇస్తే సరే | ముట్టినట్టు లేఖ | తెలిసిన చోటే | తక్కువ లేదా ఏమీ రాదు | బాగా కుదురుతుంది |
| రిజిస్టర్డ్ రీసైక్లర్ | ధ్వంసం చేసినట్టు పత్రం అడగొచ్చు | పూర్తి పత్రాలు | ప్లాంటుకు | మధ్యస్థం, బేరం చేయాలి | ఒంటరిగా కష్టం |
| ఏజెంటు | డిస్క్ తీసి ఇవ్వాలి | రీసైక్లర్ పేరుతో వస్తేనే | ఏజెంటును బట్టి | తక్కువ నుంచి మధ్యస్థం | కుదురుతుంది |

## మీరు ఎవరైతే ఏది

ఐదారు కంప్యూటర్లున్న ఆడిటర్ ఆఫీసు, ట్రావెల్స్, చిన్న షోరూమ్. నడిచేవి మీ దగ్గర పనిచేసే పిల్లలకో దగ్గర్లోని బడికో ఇవ్వండి. నడవనివి కొత్తవి కొన్నప్పుడు ఎక్స్‌ఛేంజ్. డిస్కులు విప్పి ఒక డబ్బాలో పెట్టి, తర్వాత చెప్పే ఉమ్మడి బండి వచ్చినప్పుడు ఇవ్వండి. అదొక్కటి చేస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు.

ఆస్పత్రి, ల్యాబ్, స్కానింగ్ సెంటర్. మీకు నా సలహా ఒక్కటే, అందులో మార్పు లేదు: రిజిస్టర్డ్ రీసైక్లర్, డిస్కులు మీ కళ్లముందే ధ్వంసం. హార్డ్‌డిస్క్ అయితే డ్రిల్లుతో లోపల డేటా ఉండే పళ్లేలకు అడ్డంగా మూడు నాలుగు తూట్లు. ఎస్ఎస్‌డీకి ఆ లెక్క వేరు, చిప్పులన్నీ ముక్కలవ్వాలి. అయస్కాంతంతో చెరిపే మెషీన్ హార్డ్‌డిస్క్‌కు పనిచేస్తుంది గానీ ఎస్ఎస్‌డీకి పనిచేయదు. ఈ తేడా తెలియక చాలామంది ధైర్యంగా ఉన్నారు. ఈసీజీ, మానిటర్లు లాంటి వైద్య పరికరాలు కూడా ఇప్పుడు 106 రకాల జాబితాలో ఉన్నాయి. రక్తం, శరీర ద్రవాలు తగిలినవి శుద్ధి చేయకుండా పంపొద్దు. ఎత్తేది కూడా మనిషే.

కాలేజీ, స్కూలు. మీ చేతిలో అందరికన్నా మంచి అవకాశం ఉంది. ల్యాబ్‌లో అరవై సిస్టమ్‌లు ఒకే మోడల్ ఉంటాయి. వాటిలో ఇరవైంటి విడిభాగాలతో మిగతా నలభై నడిపించొచ్చు. విద్యార్థులతో ఆ పని చేయిస్తే హార్డ్‌వేర్ పాఠం కూడా అయిపోతుంది. మిగిలిన ఇరవై డబ్బాలు, యూపీఎస్‌లు, ట్యూబ్‌లైట్లు వేసవి సెలవుల్లో రీసైక్లర్‌కు. మీరు బల్క్ కన్జ్యూమర్ అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి స్టాక్ రిజిస్టర్, రీసైక్లర్ పత్రం ఒకే ఫైల్లో ఉంచండి.

రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, గ్రానైట్ యూనిట్, సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు. మీ దగ్గర డేటా భయం తక్కువ, బరువు ఎక్కువ. కంట్రోల్ ప్యానెల్ బోర్డులు, డ్రైవ్‌లు, సార్టింగ్ మెషీన్ కెమెరాలు ఇనుము లాటులో కలిపి తూకానికి వేసేయకండి. బోర్డులు విడిగా తీసి పోగేయండి, రీసైక్లర్‌కు ఆసక్తి వాటి మీదే. ఇనుము మామూలుగా అమ్ముకోండి.

సెల్‌ఫోన్ రిపేరు షాపు. చనిపోయిన మదర్‌బోర్డులను కేజీల లెక్కన కొనడానికి బయటి నుంచి వచ్చేవాళ్లకు ఇవ్వొద్దని చెప్పడం తేలిక, మీ బతుకుతెరువులో అదొక ఆదాయం. అందుకే మీకు ఉమ్మడి అమ్మకం అన్నిటికన్నా లాభం. ఒక్క షాపు బోర్డులు చిన్న సంచి, ముప్పై షాపులవి కలిపితే రీసైక్లరే మీ దగ్గరికి వస్తాడు. ఉబ్బిన బ్యాటరీలు మాత్రం ఇసుక పోసిన డబ్బాలో, టర్మినళ్లకు టేపు వేసి, షట్టర్ లోపల కాకుండా గాలి తగిలే నీడలో ఉంచండి.

మడికొండ, కరీంనగర్, నిజామాబాద్ ఐటీ కంపెనీలు. మీకు హెడ్ ఆఫీసు ఒప్పందం ఉంటే దాన్నే వాడండి. లేకపోతే సీరియల్ నంబర్ల వారీగా డేటా ధ్వంస పత్రం ఇచ్చే రీసైక్లర్ తప్ప ఇంకో దారి మీకు సరిపోదు.

ప్రభుత్వ కార్యాలయాలు, పెద్ద ప్రభుత్వ రంగ సంస్థలు. కండెమ్నేషన్ కమిటీ (సామాను పనికిరాదని తేల్చే కమిటీ), వేలం తప్పవు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే లాంటి ఆన్‌లైన్ వేలంలో పెట్టేటప్పుడు, రిజిస్టర్డ్ రీసైక్లర్లు మాత్రమే పాల్గొనాలని షరతు రాయించండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎక్కువ పాడినవాడికి పోతుంది.

ఏసీలు, ఫ్రిజ్‌లు ఎవరి దగ్గరున్నా ఒక మాట. విప్పేటప్పుడు గ్యాస్ గాలిలోకి వదిలేయనివ్వకండి. పాత ఏసీల్లోని ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. మెకానిక్‌తో గ్యాస్ సిలిండర్‌లోకి దింపించి ఇవ్వండి.

## దూరం చిక్కుకు మేం చేసిన పని

పోయినసారి మా కాంప్లెక్స్‌లో ఇలా చేశాం. ఒక డెంటల్ క్లినిక్, ఇద్దరు ఆడిటర్లు, ఒక కోచింగ్ సెంటర్, రెండు ట్రావెల్స్, నా షాపు. ఎవరికి వారికి బండి వచ్చేంత సరుకు లేదు. అందరివీ కలిపితే ఒక టాటా ఏస్ నిండిపోయింది. కోచింగ్ సెంటర్ వాళ్ల మొదటి అంతస్తు హాలు ఒక ఆదివారం ఖాళీగా ఇచ్చారు. ముగ్గురు రీసైక్లర్లకు ఫొటోలు, జాబితా పంపితే ఇద్దరు వస్తామన్నారు. పోర్టల్‌లో నంబర్ సరిగ్గా కనిపించినవారిని పిలిచాం.

ఉమ్మడిగా ఇవ్వడమంటే ఒకరు అందరివీ కొని పోగేయడం కాదు, అలా చేస్తే ఆ ఒకరే స్క్రాప్ వ్యాపారి అయిపోతారు. బండి ఒకటే, తూకాలు మాత్రం వేర్వేరు. ప్రతి సంస్థ సామాను విడిగా కాంటా వేయించి, విడిగా చలాన్, విడిగా పత్రం రాయించాం. ఎవరి జీఎస్టీ బిల్లు వారే చేసుకున్నారు. రేటు మాత్రం అందరికీ కలిపి మాట్లాడాం కాబట్టి, ఒక్కొక్కరు అడిగినప్పుడు ఉచితం అన్నవాళ్లే కేజీకి డబ్బు ఇచ్చారు.

ఆ రోజు మా దగ్గర సిద్ధంగా ఉన్నవి ఇవి: వస్తువుల జాబితా సీరియల్ నంబర్లతో, డిస్కులు విడిగా ఒక డబ్బాలో, బ్యాటరీలు ఇంకో డబ్బాలో, పిక్చర్ ట్యూబులు పగలకుండా నిలబెట్టి, ట్యూబ్‌లైట్లు అట్టపెట్టెలో. డిస్కుల్ని అక్కడే తూట్లు పొడిచి, పొడిచిన తర్వాత ఫొటో తీసుకుని జాబితాకు జత చేశాం. బండి నంబర్, డ్రైవర్ సంతకం, తూకం చీటీ ఫొటో తీసుకున్నాం. రీసైకిల్ చేసినట్టు పత్రం తర్వాత వస్తుందన్నారు. వచ్చేదాకా వారానికోసారి ఫోన్ చేశాను. పత్రాలు చేతికొచ్చాకే ఆడిటర్లు వాటిని ఆస్తుల రిజిస్టర్‌లో కొట్టేశారు.

వచ్చే మార్చికి పక్క కాంప్లెక్స్‌లోని ల్యాబ్, రెండు స్కూళ్లు కూడా కలుస్తామన్నాయి. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ మెడికల్ అసోసియేషన్, ఛాంబర్ ఆఫ్ కామర్స్, ప్రైవేటు స్కూళ్ల సంఘం, వీటిలో ఏదో ఒకటి మీ ఊళ్లో నెలకోసారి కలుస్తూనే ఉంటుంది. ఈసారి మీటింగ్‌లో ఎవరి స్టోర్ రూమ్‌లో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాయించండి. ఆ జాబితా చూపిస్తే రీసైక్లర్ మాట్లాడే తీరే మారిపోతుంది.